అడగనిదే అమ్మైనా పెట్టదు

నూరు అబద్ధాలాడియైనా ఒక పెండ్లి చేయమన్నారు పెద్దలు. ఈ సామెతను పెండ్లి పేరయ్యలు ఎంత ఇష్టంగా వల్లిస్తారో, పెండ్లయిన ఆరు నెలలకు ఆ ఇంటి కోడలు దానిని అంత కష్టంగా తలచుకొంటుంది. అబ్బాయికి స్థిరమైన ఉద్యోగమున్నదని ఒక వైపునా, అమ్మాయికి ఇంటిపనులన్నీ వచ్చునని మరొక వైపునా చెప్పి, ఇరుప్రక్కలవారిచేత తల ఊపించి, తాంబూలం పుచ్చుకొని పేరయ్య వెళ్ళిపోతాడు. మన ఉర్దూ ఇండ్లలో ఈ పనినే మష్షాతా చేస్తుంది. భాష వేరు, వేషం వేరు, విద్య ఒక్కటే. పేరయ్యలందరూ చెడ్డవారని నా అభిప్రాయం కాదు. మంచి పేరయ్య కుదిర్చిన సంబంధాలతో పచ్చగా సాగుతున్న కాపురాలు నేను ఎన్నో చూచాను. అయితే సంబంధం మంచిచెడ్డలు తేలేది పేరయ్య చెప్పిన మాటలలో కాక, మనం అతనిని అడిగిన ప్రశ్నలలోనని మాత్రం ఆలస్యంగా తెలుసుకొన్నాను. ఆ తెలుసుకొన్నది కూడ పెండ్లి విషయంలో కాదు, ఉద్యోగ విషయంలో.

ఉద్యోగాలకూ పేరయ్యలున్నారు. వారిని నేడు రిక్రూటర్లంటున్నారు. కొందరు ఒక సంస్థలోనే జీతానికి పనిచేస్తూ, ఆ సంస్థకు కావలసిన మనుష్యులను వెదకుతారు. మరికొందరు కన్సల్టెన్సీ అనే పేరుతో కార్యాలయం పెట్టుకొని పలు సంస్థలకు అభ్యర్థులను చూపిస్తారు. మన కళాశాలలో చివరి సంవత్సరం చదువుతున్న వారిలో చాలమందికి ఇంటర్వ్యూ గదికంటె ముందు ఎదురయ్యేది ఈ మనిషే. అదీ తరచుగా ఫోనులో ఒక గొంతుగా. ఆ గొంతు వినగానే కొందరు విద్యార్థులు తడబడి, అడిగినదానికి 'యస్ సార్' అని మాత్రం చెప్పి పెట్టేస్తారు. కొందరు ఆ గొంతు తమకు ఉద్యోగం ఇచ్చేసినట్లే భావించి, చెప్పినదెల్లా చేస్తారు. ఈ రెండు విధాలైన తప్పులనూ నేను చేశాను. విద్యార్థులకు ఉపదేశం చేసే ముందు అధ్యాపకుడు తన సంగతి చెప్పుకొనడం న్యాయం కాబట్టి, మొదట ఆ కథ చెబుతాను.

నేను 2011లో తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో తెలుగు ఎం.ఏ. ముగించాను. మా నాయన ఆర్.టి.సి. డిపోలో మెకానిక్కు. మాది కర్నూలు ప్రాంతం. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, రెండూ కలగలిసిన బాల్యం నాది. ఏ పెద్దమనిషి దగ్గరకు నన్ను తీసికొని వెళ్ళినా, గడప దాటకముందే మా నాయన ఒక మాట చెప్పేవాడు: "బడోఁ కో సవాలాఁ నక్కో పూఛ్ బేటా". పెద్దలను ప్రశ్నలు వేయవద్దని దాని భావం. ఆ మాటలో తప్పు లేదు. డిపో మేనేజరు ముందు, డాక్టరు ముందు, బడి పంతులు ముందు ఆయన జీవితమంతా అట్లాగే నిలబడ్డాడు. ఆ నిలబడే తీరును నేను కూడ ఆస్తిగా పొందాను. ఎం.ఏ. పట్టా దానిని ఏమాత్రం మార్చలేదు.

తెలుగు ఎం.ఏ. చదివినవానికి ఉద్యోగం దొరకడం అప్పుడూ కష్టమే, ఇప్పుడూ కష్టమే. ఇంటర్మీడియట్‌లో మార్కులు దండిగా వస్తాయని పిల్లలచేత ద్వితీయ భాషగా సంస్కృతం తీయించే ప్రైవేటు కళాశాలలు మన రాష్ట్రాలలో ఎన్నో ఉన్నవి. అక్కడ తెలుగు అధ్యాపకుని అవసరం తక్కువ. ఒక్క ఖాళీ వస్తే పది మంది పోటీ. ఏడాది తిరిగినా నాకు ఏదీ కుదరలేదు. 2012 వేసవిలో ఒక సహాధ్యాయి, హైదరాబాదులో అధ్యాపక ఉద్యోగాలు చూపే కన్సల్టెన్సీ ఒకటున్నదని చెప్పాడు. మా నాయన దగ్గర 3,000 రూపాయలు తీసికొని, రాత్రి రైలెక్కి, తెల్లవారుజామున కాచిగూడ స్టేషన్‌లో దిగాను.

ఆ కార్యాలయం ఒక మేడమీద రెండు గదులు. అక్కడి పెద్దమనిషి నన్ను కూర్చుండబెట్టి, "తమ్ముడూ, నీ పని నాకు వదిలేయి" అన్నాడు. ఏడాదిగా అట్టి మాట కోసమే ఎదురుచూస్తున్న వాడిని. రిజిస్ట్రేషన్ క్రింద 2,000 రూపాయలు పుచ్చుకొన్నాడు. రశీదు ఇవ్వలేదు, నేను అడగలేదు. ఉద్యోగం వచ్చిన తరువాత మొదటి నెల జీతం ఇవ్వాలన్నాడు, తల ఊపాను. నా అసలు సర్టిఫికెట్లు తన దగ్గర ఉంచమన్నాడు, ఉంచాను. ఏ కళాశాల, ఎంత జీతం, ఎవరు ఇంటర్వ్యూ చేస్తారు, ఏమడుగుతారు అన్న ప్రశ్నలలో ఒక్కటీ నా నోట రాలేదు. మర్యాదగా లేచి, సలాము చేసి వచ్చాను.

మూడు రోజుల తరువాత ఇంటర్వ్యూకు వెళ్ళమని చిరునామా చెప్పి, బయోడేటా చేతిలో పెట్టాడు. బస్సులో చదువుకొంటే అందులో, పేరు కూడ విని యెరుగని ఒక జూనియర్ కళాశాలలో నేను మూడు సంవత్సరాలు పనిచేసినట్లు ఉన్నది. గుండె దడదడలాడింది. ఫోను చేశాను. "అందరికీ అట్లాగే వ్రాస్తాం తమ్ముడూ, అనుభవం లేకుంటే నిన్నెవరు చూస్తారు?" అన్నాడు. పెద్దమనిషి, ఈ పనిలో తలపండినవాడు. అతనికి తెలియదా అనుకొన్నాను. మూడేళ్ళు పనిచేశానంటే నేను ఎం.ఏ. చదువుతూనే పాఠాలు చెప్పి ఉండాలన్న లెక్క కూడ అప్పుడు నాకు తట్టలేదు.

ఇంటర్వ్యూ చేసిన ప్రిన్సిపాలు వయస్సు మళ్ళినవారు. కోపమెరుగని ముఖం. నా బయోడేటా చూచి, కాఫీ తెప్పించి, ఎంతో సాధారణమైన ప్రశ్న వేశారు: "మూడేళ్ళు చెప్పారు గదా, స్పాట్ వాల్యుయేషన్‌కు ఏ ఊరు వెళ్ళేవారు?" ఇంటర్మీడియట్ అధ్యాపకులు ప్రతి వేసవిలో జవాబుపత్రాలు దిద్దడానికి వెళతారని అధ్యాపక లోకంలో అందరికీ తెలుసు, ఆ లోకంలోకి అడుగుపెట్టని నాకు తెలియదు. నోటికి వచ్చిన ఒక ఊరి పేరు చెప్పాను. "ద్వితీయ సంవత్సరం ఉపవాచకంలో ఏ పాఠం పిల్లలకు కష్టమయ్యేది?" అన్నది రెండవ ప్రశ్న. నేను మాటలాడలేదు. ఆయన కాగితాన్ని నెమ్మదిగా నావైపు త్రోశారు. "నాయనా, నీ మార్కులు బాగున్నవి. క్రొత్తవాడైనా ఫరవాలేదని మేము ఆ కన్సల్టెన్సీవారికి ముందే చెప్పాం. అబద్ధం చెప్పినవానిని మాత్రం పిల్లల ముందు ఎట్లా నిలబెట్టను?" అన్నారు.

క్రొత్తవాడైనా ఫరవాలేదు! ఆ ఉద్యోగానికి అనుభవమే అక్కరలేదు. "సార్, వారికి అనుభవం తప్పనిసరియా?" అని నేను ఒక్క ప్రశ్న వేసి ఉంటే, ఆ మేడమీది గదిలోనే సంగతి తేలిపోయేది. బహుశా అతడు నిజం చెప్పకపోయేవాడేమో. అయినా, అట్టివాడని నాకు అప్పుడే తెలిసేది. నేను అడగలేదు. మర్యాద అనుకొని ఊరకున్నాను. ఆ ఊరకుండడం నాకు ఒక ఉద్యోగాన్ని పోగొట్టింది. అంతటితో పోలేదు. అసలు సర్టిఫికెట్లు తిరిగి తీసికొనడానికి కర్నూలు నుండి హైదరాబాదుకు మూడుసార్లు తిరిగాను. ఈలోగా మా ప్రాంతంలోనే ఒక పాఠశాలలో, అసలు పత్రాలు చూపవలసిన గడువు దాటిపోయింది. ఇంటికి వచ్చి మా నాయనతో, అనుభవం లేదని తీసికొనలేదని చెప్పాను. అది రెండవ అబద్ధం. నిజం చెప్పడానికి నాకు ఆరేండ్లు పట్టింది.

చాలకాలం ఆ మనిషిని తిట్టుకొంటూ గడిపాను. తిట్టవలసినవాడే, సందేహం లేదు. కాని బయోడేటా క్రింద ఉన్న సంతకం నాది. బస్సులో అది చదివిన తరువాత కూడ దిగిపోకుండ వెళ్ళినది నేను. మన ఇండ్లలో మాట ఇవ్వడాన్ని 'జబాన్ దేనా' అంటాం, అనగా నాలుకనే ఇవ్వడం. ఆనాడు నా నాలుకను మరొకనికి ఇచ్చి, నా పేరుమీద అతడు ఏమి మాటలాడితే దానికి నేను బాధ్యుడనయ్యాను.

మరుసటి ఏడు, 2013లో, మరొక కన్సల్టెన్సీ నుండి ఒక మహిళ ఫోను చేసింది. నా దరఖాస్తు ఎక్కడో చూచిందట. ఈసారి భయంతోనే అయినా మొదటి ప్రశ్న నేనే వేశాను: "మేడమ్, నేను మీకు డబ్బు ఇవ్వవలసి ఉంటుందా?" ఆమె నొచ్చుకొనలేదు. "లేదండీ, మాకు కళాశాలవారే ఇస్తారు" అన్నది. ఆ ఒక్క జవాబుతో నాకు ధైర్యం వచ్చింది. నాకు బోధనానుభవం లేదనీ, మధ్యలో ఒక సంవత్సరం మా మేనమామ పుస్తకాల దుకాణంలో కూర్చున్నాననీ ఉన్నదున్నట్లు చెప్పాను. "మంచిది. ఆ సంవత్సరం గూర్చి తప్పక అడుగుతారు. దాచవద్దు, దుకాణంలో ఏమి నేర్చుకొన్నారో రెండు వాక్యాలలో చెప్పండి" అన్నది.

ఆ తరువాత నేను అడుగుతూ పోయాను, ఆమె చెబుతూ పోయింది. ఎదుట ముగ్గురు కూర్చుంటారు. ఒకరు ప్రిన్సిపాలు, ఒకరు తెలుగు శాఖవారు, ఒకరు యాజమాన్యం తరఫువారు. పదిహేను నిమిషాలు పాఠం చెప్పమంటారు. పద్యమైనా, వ్యాకరణమైనా ఇష్టం. నల్లబల్లను ఎట్లా ఉపయోగిస్తారో చూస్తారు. సంస్కృతం తీసికొనే పిల్లలను తెలుగువైపు ఎట్లా త్రిప్పగలరని యాజమాన్యంవారు అడుగుతారు. చివరకు నన్ను ఎంతో కాలంగా బాధించే ప్రశ్నను కూడ ఆమెనే అడిగాను: "ముస్లిం అయి ఉండి తెలుగు ఎందుకు చదివావని ఎక్కడకు వెళ్ళినా అడుగుతారు మేడమ్. నాకు కోపం వస్తుంది. ఏమని చెప్పాలి?" ఆమె క్షణం ఆలోచించి, "చాలమంది కుతూహలంతోనే అడుగుతారండీ. కోపం వస్తే మీ కోపమే వారికి గుర్తుంటుంది, పాఠం గుర్తుండదు. ఒక్క వాక్యంలో చెప్పి పాఠంలోకి వెళ్ళిపొండి" అన్నది. ఆ ఒక్క వాక్యం రాత్రంతా కూర్చుని తయారు చేసికొన్నాను. పిఠాపురంలో ఉమర్ ఆలీషా కవి (1885–1945) తెలుగులో కావ్యాలు వ్రాసిన దేశమిది, ఆ దారిలో చివరన నడుస్తున్నవాడిని అన్నదే ఆ వాక్యం. ఇంటర్వ్యూలో ఆ ప్రశ్న వచ్చింది. ఆ జవాబు చెప్పాను. తెలుగు శాఖవారు చిరునవ్వు నవ్వారు.

నాకు ఆ ఉద్యోగం రాలేదు. కథ ఇక్కడ సుఖాంతమైతే బాగుండుననిపిస్తుంది గాని, నిజం అట్లా లేదు. అయితే నేను మరునాడు ఆమెకు ఫోను చేసి, ఏ లోపం వల్ల రాలేదో కనుక్కొనగలరా అని అడిగాను. రెండు రోజులకు ఆమె కనుక్కొని చెప్పింది. వ్రాస్తున్నంతసేపు తరగతికి వీపు చూపించి మాటలాడానట. వాక్యం చివర గొంతు దిగిపోయి, వెనుక బెంచీకి వినపడలేదట. ఈ రెండూ నా ఎం.ఏ. ఆచార్యులు గాని, స్నేహితులు గాని నాకు ఎన్నడూ చెప్పలేదు. మా మేనమామ దుకాణం మూసిన తరువాత, షట్టరు మీద సుద్దముక్కతో వ్రాస్తూ, ప్రక్కకు తిరిగి మాటలాడడం మూడు నెలలు అభ్యాసం చేశాను. ఆ మూడు నెలల చివర ఆమెయే మళ్ళీ ఫోను చేసి మరొక కళాశాల పేరు చెప్పింది. అక్కడ నాకు ఉద్యోగం దొరికింది. అక్కడి నాలుగేండ్ల అనుభవమే 2017లో నన్ను మీ ముందుకు తెచ్చింది.

విద్యార్థులారా! ఈ రెండు అనుభవాల నుండి నేను గ్రహించినదేమనగా, రిక్రూటరు మీకు శత్రువు కాడు, సంరక్షకుడూ కాడు. అతనికి సొమ్ము ఇచ్చేది సంస్థ. అభ్యర్థి ఏడాది జీతంలో నూటికి 8.33 వంతు, అనగా ఒక నెల జీతమంత, ఈ వృత్తిలో తరచు వినవచ్చే లెక్క. చాలచోట్ల చేరిన అభ్యర్థి తొంబది రోజులైనా నిలవకపోతే, కన్సల్టెన్సీవారు మరొకనిని చూపించాలన్న షరతు కూడ ఉంటుంది. కాబట్టి మీరు ఎంపిక కావడంలోనూ, చేరి నిలవడంలోనూ అతనికి లాభమున్నది. మీరు సిద్ధపడి వెళ్ళాలని అతడు కోరుకొంటాడు. అయితే అదే ఉద్యోగానికి అతడు మీతోపాటు మరి నలుగురిని పంపుతాడు. ఎవరు అడిగితే వారికి చెబుతాడు. అడగనిదే అమ్మైనా పెట్టదన్నారు. ఇతడు అమ్మ కూడ కాడు.

ఏమి అడగాలి? ఉద్యోగ వివరాలు వ్రాతమూలకంగా పంపమనండి. ఎన్ని దశలు, ఎవరెవరు కూర్చుంటారు, వ్రాతపరీక్ష ఉన్నదా, ఏ భాషలో మాటలాడాలి, ముఖాముఖియా లేక వీడియోలోనా అని అడగండి. ఈ స్థానం ఎందుకు ఖాళీ అయినదని అడగండి. క్రొత్తగా ఏర్పడిందా, ఎవరైనా విడిచిపోయారా అన్నదానిని బట్టి ఎన్నో తెలుస్తవి. ఇంతకు ముందు పంపిన అభ్యర్థులు ఎక్కడ తప్పారని అడగండి. ఈ ప్రశ్న వేసేవారు తక్కువ, దీని జవాబు విలువ ఎక్కువ. జీతం ఎంత నుండి ఎంత వరకు, పని ఏ వేళల్లో, ఏ ఊరిలో అని ఇంటర్వ్యూకు ముందే అతనిని అడగండి. ఆ గదిలో మొదటిసారిగా మీరు అడగడానికి సంకోచించే విషయాలన్నీ అతని వద్ద తేల్చుకొనవచ్చును. వీలైతే ఫోనులో పది నిమిషాలు నన్ను పరీక్షించండి అని కోరండి. తీరిక ఉన్నవారు కాదనరు.

అతనికి మీరు ఇవ్వవలసినది ఒక్కటే, నిజం. ఒక సంవత్సరం తప్పితే తప్పానని చెప్పండి. మరొకచోట ఇంటర్వ్యూ ఉంటే ఉన్నదని చెప్పండి. మీ బయోడేటాలో అతడు ఏ మార్పు చేసినా, పంపకముందు మీకు చూపాలని చెప్పండి. ఒకే ఉద్యోగానికి ఇద్దరు కన్సల్టెన్సీవారి ద్వారా మీ పేరు వెళ్ళకుండ చూచుకొనండి. వారిద్దరి తగవులో మీ కాగితం ప్రక్కకు పోతుంది. లేని అనుభవం వ్రాయించుకొనే కాలం ఏనాడో పోయింది. 2014 నుండి భవిష్యనిధి ఖాతాదారులకు ఉద్యోగాలు మారినా మారని ఒకే సంఖ్య ఇస్తున్నారు. ఎక్కడ, ఎప్పటి నుండి ఎప్పటి వరకు పనిచేశారన్నది దానిలో కనబడుతుంది. నన్ను పట్టుకొనడానికి ఒక ప్రిన్సిపాలుగారి రెండు ప్రశ్నలు కావలసివచ్చినవి. మిమ్ములను పట్టుకొనడానికి ఆ కష్టం కూడ అక్కరలేదు. అసలు సర్టిఫికెట్లు చూపించండి, విడిచిపెట్టి రాకండి. ముందుగా సొమ్ము అడిగేవాని దగ్గర ఒక అడుగు వెనుకకు వేయండి.

మనలో చాల ఇండ్లకు సంబంధించిన మరొక సంగతి చెప్పకుండ ముగించలేను. కడప, రాయచోటి ప్రాంతాల నుండి కువైట్‌కు, తెలంగాణ జిల్లాల నుండి దుబాయికి, సౌదీకి వెళ్ళినవారి బిడ్డలు ఈ తరగతులలో ఉన్నారు. అక్కడి ఉద్యోగాలు చూపే ఏజెంటు కూడ రిక్రూటరే. అతని వద్ద అడగకపోతే కలిగే నష్టం మాత్రం నూరింతలు. మా ఖాలా కొడుకు ఒకడు డ్రైవరు ఉద్యోగమని వెళ్ళి, దిగిన తరువాత ఎడారిలో ఒంటెలు కాసి, ఏడాదిన్నరకు ఖాళీ చేతులతో తిరిగి వచ్చాడు. 1983 నాటి వలస చట్టం ప్రకారం విదేశీ ఉద్యోగాలకు మనుష్యులను పంపే ఏజెంటు ప్రభుత్వం వద్ద నమోదై ఉండాలి. అతని లైసెన్సు సంఖ్యను కేంద్ర విదేశాంగశాఖవారి ఈ-మైగ్రేట్‌లో ఎవరైనా సరిచూచుకొనవచ్చును. అతడు అభ్యర్థి నుండి పుచ్చుకొనదగిన సేవారుసుము 30,000 రూపాయలు, దానిపై జి.ఎస్.టి.; రశీదు ఇవ్వాలి. సందర్శకుని వీసా మీద వెళ్ళి అక్కడ ఉద్యోగంలో చేరవచ్చునని చెప్పేవానిని నమ్మరాదు. లైసెన్సు సంఖ్య ఎంత, ఒప్పందపత్రం ఏది, వీసా ఏ రకం అనే మూడు ప్రశ్నలు మా ఖాలా కొడుకు అడగలేదు. అడగవద్దని వానికి నేర్పినవారిలో మా పెద్దలే కాదు, చదువుకొన్న అన్నగా నేనూ ఉన్నాను. ఏజెంటు ఇంటికి వానితో కూడ వెళ్ళి, చాయ త్రాగి, మాటలాడకుండ వచ్చినవాడిని నేను.

గత విద్యాసంవత్సరంలో బి.కాం. చివరి సంవత్సరం విద్యార్థిని ఒకరికి హైదరాబాదు నుండి ఫోను వచ్చింది. ఒక సంస్థలో లెక్కలు చూచే ఉద్యోగం. వాళ్ళ నాన్నగారు కంగారుగా స్టాఫ్‌రూముకు వచ్చి, "సార్, ఆడపిల్ల, ఎవరో ఏమో. మీరే మాట్లాడండి" అని ఫోను నా చేతికి ఇచ్చారు. "భాయ్‌సాబ్, ఉద్యోగం చేసేది పాప. పాపే మాట్లాడనీయండి. మనమిద్దరం ప్రక్కన కూర్చుందాం" అన్నాను. ముగ్గురం కలిసి తొమ్మిది ప్రశ్నలు కాగితం మీద వ్రాశాం. ఆ అమ్మాయి మొదటి రెండు వణుకుతూ అడిగింది. మూడవ ప్రశ్నకు గొంతు కుదుటపడింది. ఎక్సెల్‌లో పరీక్ష ఉంటుందా? ఇంటర్వ్యూ ఇంగ్లీషులోనా? రాత్రి పని ఉంటుందా, ఉంటే వాహనం ఎవరు పంపుతారు? తలకు స్కార్ఫు కట్టుకొని పనిచేయడానికి అభ్యంతరమున్నదా? అవతలి వ్యక్తి ఒక్కొక్కదానికి ఓపికగా జవాబిచ్చాడు. స్కార్ఫుకు అభ్యంతరం లేదట. నెలలో రెండు వారాలు మాత్రం రాత్రి పని తప్పదట.

వాళ్ళ నాన్నగారు తల అడ్డంగా ఊపారు. ఆ అమ్మాయి ముఖం చిన్నబోయింది. నేనేమీ అనలేదు, అది వారింటి నిర్ణయం. అయితే ఆమె ఫోను పెట్టేయకుండ, "సార్, రాత్రి పని నాకు వీలుకాదు. పగటి ఉద్యోగం ఏదైనా వస్తే దయచేసి చెప్పండి, పరీక్షకు సిద్ధంగా ఉంటాను" అన్నది. మేము వ్రాసిన తొమ్మిదిలో లేని మాట అది, తనంతట తాను అన్నది. నెల తిరగకముందే అతడు పగటి ఉద్యోగం పేరు చెప్పి ఫోను చేశాడు. ఈలోగా ఆమె ఎక్సెల్ అభ్యాసం చేసి ఉంచుకొన్నది. ఇప్పుడు ఆమె అక్కడ పనిచేస్తున్నది. వాళ్ళ నాన్నగారు మొన్న బజారులో కలిసి, "సార్, చిన్నదాని కోసం ఎప్పుడు కూర్చుందాం?" అన్నారు. చిన్నది ఇంకా ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం!

కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. మన విద్యార్థులకు తెలివి లేక ఉద్యోగాలు పోవడం లేదు; గడప దగ్గర నోరు పెగలక పోతున్నవి. వారానికి ఒక సాయంత్రం, ఒక గది, ఒక ఫోను ఇప్పించండి. మన పూర్వ విద్యార్థులలో నియామక శాఖలలో పనిచేస్తున్నవారిని ఏడాదికి రెండుసార్లు పిలిచి, పిల్లలచేత ప్రశ్నలు వేయిద్దాం. ఏ కన్సల్టెన్సీవారు మన పిల్లలతో ఎట్లా వ్యవహరించారో వ్రాసి ఉంచే ఒక పుస్తకం పెడదాం. వెనుకవచ్చేవారు దానిని చూచి వెళతారు. దీనికి పెద్ద ఖర్చు లేదు. శనివారం సాయంత్రాలు నేను వస్తాను. ఉర్దూ శాఖ మిత్రులు కూడ వస్తామన్నారు.

మా నాయనకు ఇప్పుడు డెబ్బదియేండ్లు దాటినవి. 2012 నాటి ఇంటర్వ్యూ సంగతి నిజంగా ఏమి జరిగినదో ఆయనకు 2018లో చెప్పాను. పెద్దలను ప్రశ్నించవద్దన్న మీ మాట విని ఇంత పనైనదని కూడ, కాస్త నిష్ఠూరంగానే అన్నాను. ఆయన చాలసేపు మాటలాడలేదు. తరువాత, "పూఛ్‌నే కా భీ ఏక్ అదబ్ హై బేటా. వో మై తేరే కో నై సిఖాయా" అన్నాడు. అడగడానికి కూడ ఒక మర్యాద ఉన్నది, అది నీకు నేను నేర్పలేదని ఆయన భావం. తనకు ఎవరూ నేర్పని దానిని ఆయన నాకు ఎట్లా నేర్పగలడు? మీకు నేర్పడానికి మాత్రం మేమున్నాం. శనివారం రండి. వచ్చేటప్పుడు కాగితం మీద నాలుగు ప్రశ్నలు వ్రాసికొని రండి.